గుండె పక్కన బుడగ

సిద్దిపేట
ఆగస్టు 1997

ప్రియమైన సుశీలక్కకు,

నీ చెల్లెలు కన్యక రాసేది. కడుపులో ఉన్న పిల్లల్ని స్కానింగులో చూసే చదువుకు నువ్వు మద్రాసు పోయావని పెద్దమ్మ చెప్పినప్పుడు, పుట్టకముందే చూసి ఏం చేస్తారో అని నవ్వాను. ఇప్పుడు ఆ చదువుతోనే నాకు పనిపడింది.

నాకు ఆరో నెల నడుస్తోంది. నెలలకు మించి కడుపు పెద్దగా ఉందని డాక్టరమ్మ స్కానింగు రాసింది. పాత బస్టాండు దగ్గర కొత్తగా మిషను పెట్టారు. అక్కడి డాక్టరు మొదట్లో బాగానే మాట్లాడాడు. ఏ బడిలో చెప్తావు, ఏ క్లాసులకు అని అడిగాడు. కాసేపటికి మాట ఆగిపోయింది. చేతిలోని పరికరాన్ని అటు తిప్పి ఇటు తిప్పి మళ్ళీ అదేచోటికి తెచ్చి ఆపుతున్నాడు. నేను సైన్సు టీచర్ని, నాకూ చూపించండి సార్ అన్నాను. పాపం, తెర నా వైపు తిప్పాడు.

అక్కా, నేను భయపడాల్సింది పోయి నోరు తెరుచుకుని చూశాను. వెన్నెముక పూసల దండలా ఉంది. గుండె టకటక కొట్టుకుంటోంది. దాని పక్కనే నల్లగా, గుండ్రంగా ఒక బుడగ. అదేంటని అడిగాను. "గిది గీడ ఉండేది కాదమ్మా. హైదరాబాదుల పెద్ద మిషను మీద ఒకసారి చూపించుకోండి" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. కాగితం మీద ఇంగ్లీషులో ఏదో రాసి పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టాడు.

ఇంటికొచ్చాక అత్తమ్మ అడిగిన మొదటి మాట నువ్వు ఊహించగలవు. పిల్లనా, పిలగాడా అని. అది చెప్పకూడదని చట్టం వచ్చింది అత్తమ్మా, నేను అడగలేదు, ఆయన చెప్పలేదు అన్నాను. "మరి గంతసేపు ఏం చూసిండు?" అంది.

ఫోన్ చేద్దామంటే మా ఫోన్ దుకాణంలో ఉంటుంది. నీ మరిది రాధాకిషన్ స్టీలు గిన్నెలు అమ్ముతుంటే ఆ చప్పుళ్ళ మధ్య, వచ్చేపోయేవాళ్ళ ముందు ఈ మాటలు ఎలా మాట్లాడను? ఎస్టీడీ బూతు నా విద్యార్థి వాళ్ళ నాన్నది. అందుకే రాస్తున్నాను. డాక్టరిచ్చిన ఫొటో కూడా పెడుతున్నాను. బాణం గుర్తు ఉన్నచోట చూడు. ఆ బుడగ ఏంటి? అది ఉంటే ఏమవుతుంది?

నీ చెల్లెలు,
కన్యక


మద్రాసు
ఆగస్టు 1997

చెల్లె కన్యకకు,

నీ ఉత్తరం, ఫొటో అందాయి. మీ డాక్టరుకు నా తరఫున నమస్కారం చెప్పు. చిన్న మిషను మీద ఆ బుడగను పట్టుకోవడం తేలిక కాదు. చాలామంది చూడకుండా దాటిపోతారు.

నువ్వు పిల్లలకు శ్వాస పాఠం చెప్పేటప్పుడు గంట జాడీ వాడతావు కదా. లోపల రెండు బెలూన్లు, కింద రబ్బరు గుడ్డ. ఆ రబ్బరు గుడ్డే మనలోని ఉదరవితానం, ఛాతీకీ పొట్టకూ నడుమ గోడ. బిడ్డ కడుపులో తయారయ్యేటప్పుడు ఆ గోడ నాలుగు వైపుల నుంచీ పెరిగి మధ్యలో కలుసుకోవాలి. ఒక్కోసారి ఎడమ పక్కన పూర్తిగా కలవదు. ఆ సందులోంచి పొట్టలో ఉండాల్సినవి పైకి జరుగుతాయి. నువ్వు చూసిన బుడగ నీ బిడ్డ జీర్ణాశయం. అది గుండె పక్కకు వచ్చి కూర్చుంది. నల్లగా ఎందుకుందంటే, బిడ్డ చుట్టూ ఉన్న నీళ్ళను గుటక వేస్తుంది, ఆ నీళ్ళు అందులో ఉన్నాయి. మా మిషనుకు నీళ్ళు నల్లగానే కనిపిస్తాయి.

ఇందులో నువ్వు తిన్నది, తాగినది, ఎత్తినది, దిగినది, దేని తప్పూ లేదు. ఇది జరిగేది మూడో నెల నిండకముందే.

హైదరాబాదులో మా సార్‌కు తెలిసిన మేడం ఒకామె ఉంది. చిరునామా వేరే కాగితం మీద రాశాను. ఆమె చేత మళ్ళీ చూపించుకో. కాలేయం కిందనే ఉందా, పైకి వచ్చిందా చూడమని చెప్పు. కుడి ఊపిరితిత్తి, తల చుట్టూ కొలత తీయమని చెప్పు. ఆమెకు తెలుస్తుంది. ఫొటోలన్నీ నాకు పంపు.

పుట్టాక ఆపరేషన్ చేసి ఆ గోడను కుట్టవచ్చు. వేళకు తిను.

అక్క,
సుశీల


సిద్దిపేట
సెప్టెంబరు 1997

సుశీలక్కకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బుడగ ఏంటో చాలా బాగా చెప్పావు. అది ఉంటే ఏమవుతుంది అన్నదానికి మాత్రం జవాబు రాయలేదు. వేళకు తినమన్నావు.

హైదరాబాదు పోయివచ్చాం. మేడం మంచిది, చీకటి గదిలో నా చేయి పట్టుకుని పడుకోబెట్టింది. ఈసారి నేను ముందే తయారై వెళ్ళాను కాబట్టి అన్నీ పోల్చుకున్నాను. గుండె ఉండాల్సిన చోట లేదు, కుడివైపుకు తోసుకుపోయింది. నేను చూస్తుండగానే ఆ బుడగ కొంచెం పెద్దదయింది. ఏంటది అంటే, నీ బిడ్డ ఇప్పుడే గుటక వేసిందమ్మా అని మేడం చెప్పింది. నా లోపల నాకు తెలియకుండా ఒకరు నీళ్ళు తాగుతున్నారు! కాసేపు నేనెందుకు వచ్చానో మరిచిపోయాను.

కాలేయం కిందనే ఉందంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం కొంచెం తేటపడింది. తర్వాత కొలతలు తీసింది. ఒకటి కొలిచి, చెరిపి, మళ్ళీ కొలిచింది. పక్కన నిలబడ్డ చిన్న డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అంది. రేషియో అన్న మాట ఒక్కటే నాకు చిక్కింది. నీ మరిది బయట కూర్చోలేక లోపలికి వచ్చాడు. ఆయన అడిగింది ఒకటే. "బతుకుతదా మేడం?"

ఇప్పుడే చెప్పలేం అంది.

తిరుగు బస్సులో ఆయన ఉడకబెట్టిన పల్లికాయలు కొన్నాడు. పొట్లం చేతిలో పట్టుకుని ప్రజ్ఞాపూర్ దాకా ఒక్క గింజ తినలేదు. నేను అడిగితే, ఆకలి లేదు అన్నాడు. మరి ఎందుకు కొన్నావంటే ఆయనకు తెలియదు.

అక్కా, నేను పిల్లలకు ఒకటి చెప్తుంటాను. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు తెలుసుకునే హక్కు ఉంది, జవాబు నచ్చకపోయినా సరే అని. అందుకే అడుగుతున్నాను. ఊపిరితిత్తి కొలవడం అర్థమైంది. తల ఎందుకు కొలిచారు? చెడింది ఛాతీ అయితే తలతో ఏం పని? హైదరాబాదు ఫొటోలన్నీ ఇందులో పెట్టాను. ఆ రేషియో ఎంత? ఎంత ఉండాలి? నేను పంపిన మొదటి ఫొటోలోనే నువ్వు కొలిచి ఉంటావు. నాకు తెలుసు. చిన్నప్పుడు గోరింటాకు పండిందో లేదో చూడకుండా పది నిమిషాలు ఆగలేకపోయేదానివి.

కన్యక


మద్రాసు
సెప్టెంబరు 1997

కన్యకా,

కొలిచాను. ఫొటో అందిన రోజే కొలిచాను. మీ దగ్గరి మిషను కొలత సరిగా ఉండదేమో, ఊరికే భయపెట్టడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, ఆ అంకె నీకు రాయడానికి నాకు చేయి రాలేదు.

ముందు నీ ప్రశ్నకు జవాబు. జీర్ణాశయం పైకి వచ్చినందుకు ఎవరూ చనిపోరు. అది వచ్చి ఊపిరితిత్తుల జాగ తీసుకుంటుంది. ఎడమది నలిగిపోతుంది, గుండె జరగడం వల్ల కుడిది కూడా పూర్తిగా పెరగదు. కడుపులో ఉన్నన్నాళ్ళూ నీ శ్వాసే బిడ్డ శ్వాస కాబట్టి ఏమీ తెలియదు. పుట్టిన క్షణం నుంచి తన ఊపిరి తను తీసుకోవాలి. అప్పుడు ఎంత ఊపిరితిత్తి మిగిలి ఉందన్నదే ప్రశ్న. గోడకు కుట్లు వేయడం సర్జన్లకు చేతనవును. లేని ఊపిరితిత్తిని ఎవరూ కుట్టలేరు.

అందుకే కుడి ఊపిరితిత్తిని కొలుస్తాం. గుండె నాలుగు గదులూ ఒక్కచోట కనిపించే దగ్గర ఆపి, దాని పొడవునూ వెడల్పునూ గుణిస్తాం. కానీ ఆరో నెల బిడ్డకూ ఎనిమిదో నెల బిడ్డకూ ఊపిరితిత్తి ఒకే సైజు ఉండదు కదా. మరి చిన్నగా ఉందని ఎలా తెలియాలి? ఈ జబ్బు తలను ముట్టుకోదు. తల నెలలకు తగ్గట్టు పెరుగుతుంది. అందుకని తల చుట్టుకొలతతో భాగిస్తాం. నీ ప్రశ్న మంచిది, నేను కూడా మా సార్‌ను మొదటిరోజు అదే అడిగాను.

ఈ లెక్క కొత్తది. అమెరికాలో ఒక ఆసుపత్రివాళ్ళు కిందటేడు రాశారు. అంకె మరీ తక్కువ ఉన్నవాళ్ళలో ఎవరూ దక్కలేదు. బాగా ఎక్కువ ఉన్నవాళ్ళందరూ దక్కారు. నడుమ ఉన్నవాళ్ళలో కొందరు దక్కారు, కొందరు దక్కలేదు. నీ బిడ్డది ఒకటి కంటే కొంచెం ఎక్కువ. నడుమ.

ఇంకో సంగతి కూడా రాస్తాను, అడిగావు కాబట్టి. అది అక్కడి లెక్క. మన దగ్గర పసిబిడ్డలకు గాలి పెట్టే మిషన్లు తక్కువ, ఆలస్యంగా వచ్చే తల్లులు ఎక్కువ. నేను ఇక్కడికి వచ్చాక చూసినవాళ్ళలో ఇంటికి పోయినవాళ్ళకంటే పోనివాళ్ళే ఎక్కువ. కాలేయం కిందనే ఉండటం నీకు మంచి గుర్తు. ఆ మాట నిన్ను ఊరడించడానికి రాయడం లేదు, నిజంగానే మంచి గుర్తు.

పదిమంది తల్లుల్లో ఎందరి బిడ్డలు దక్కుతారో నేను సుమారుగా చెప్పగలను. ఆ పదిమందిలో నువ్వు ఎవరివో చెప్పలేను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. కాన్పు సిద్దిపేటలో వద్దు. హైదరాబాదులోనే, పిల్లల సర్జన్, గాలి మిషను ఒకేచోట ఉన్న దవాఖానలోనే కావాలి. పుట్టగానే బిడ్డ ఏడవాలని అందరూ వీపు తడతారు, మూతికి గాలిబుడ్డ పెట్టి ఒత్తుతారు. ఈ బిడ్డకు అది చేటు. ఆ గాలి జీర్ణాశయంలోకి పోయి ఉబ్బి, ఉన్న కొద్ది ఊపిరితిత్తినీ అణిచేస్తుంది. ఏడవనివ్వకుండా వెంటనే గొంతులోకి గొట్టం వేయాలి, అది ఉన్నన్నాళ్ళూ బిడ్డ గొంతు వినిపించదు. ముందే తెలియడం వల్ల లాభం ఇదే కన్యకా. ఏం జరుగుతుందో చెప్పలేకపోయినా, ఏం చేయాలో తెలిసినవాళ్ళు గదిలో తయారుగా ఉంటారు.

డాక్టర్ విశ్వేశ్వర్ అని పిల్లల సర్జన్ ఉన్నారు. ఆయనకు మా సార్ ఉత్తరం రాశారు. మీ మరిదితో అన్నీ చెప్పు. మీ మరిది అని రాశాను చూడు, నా మరిదితో.

సుశీల


సిద్దిపేట
అక్టోబరు 1997

అక్కా,

ఇంట్లో చెప్పాను. నీ మరిదికి గంట జాడీ బొమ్మ గీసి చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితం పట్టుకుని, ఈ బెలూను ఎంత ఉంటే చాలు అని అడిగాడు. అదే ఎవరికీ తెలియదన్నాను.

బతుకమ్మ పండుగకు వచ్చిన మా పెదమామకు, నీ మరిది పెదనాన్నకు, విషయం తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఉన్నమాట అన్నాడు. దక్కేదయితే ఇక్కడైనా దక్కుతుంది, దక్కనిదానికి గొట్టాలూ కోతలూ ఎందుకు, పసిగుడ్డును అంత బాధ పెట్టడం పాపం కాదా అన్నాడు. నేను కూడా అదే అనుకుంటూ పడుకున్న రోజులున్నాయి, నీకు రాయలేదు.

అత్తమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. నీకు తెలుసు కదా ఆమె సంగతి, మగవాళ్ళ మాటల మధ్యకు రాదు. అప్పటిదాకా స్కానింగు గురించి ఆమె అడిగింది పిల్లనా పిలగాడా అన్నదొక్కటే. చాట పక్కన పెట్టి నన్ను పిలిచింది.

"పుట్టినప్పుడు పొట్ట లోపలికి పోయి ఉంటదా?"

నువ్వు ఆ సంగతి రాయలేదు. కానీ పొట్టలోవి పైకి పోతే పొట్ట ఖాళీగానే కదా ఉండాలి అనిపించింది. ఉంటుందేమో అత్తమ్మా, ఎందుకు అడుగుతున్నారు అన్నాను.

"నీ పెనిమిటి కంటె ముందు నాకొక బిడ్డ పుట్టింది కన్యకా. పొట్ట ఖాళీ సంచి లెక్క లోపలికి పోయి ఉండె. రొమ్ము మాత్రం లేసి ఉండె. ఊపిరి గుంజుకుంట గుంజుకుంట నీలమైంది. పొద్దు గూకేదాక గూడ లేదు. గ్రహణంనాడు నేను కత్తిపీట పట్టిన్నట. గందుకే బిడ్డ కడుపు లోపల కోసుకపోయిందన్నరు."

ఎవరన్నారు అని అడిగాను.

"అందరన్నరు. నేను గూడ అనుకున్న."

ముప్పై ఏళ్ళు దాటింది అక్కా. నీ మరిదికి తనకంటే ముందు ఒక అక్క పుట్టిందని కూడా తెలియదు. ఆయన అక్కడే నిలబడి వింటున్నాడు. పెదమామ తల దించుకున్నాడు. ఆయనకు తెలిసే ఉంటుంది.

అత్తమ్మ ఏడవలేదు. నా వైపు చూసి, నేను క్లాసులో పిల్లల ముఖాల్లో చూసే చూపుతో అడిగింది. "గప్పుడు గీ మిషను ఉంటే నా కడుపుల గూడ చూసి చెప్పెటోళ్ళా? నా బిడ్డకు గూడ గిదేనా?"

నీకు రాసి అడుగుతానన్నాను. ఆమె పెదమామ వైపు తిరిగి, పిల్ల హైదరాబాదులనే కంటది, తోడు నేను పోత అంది. మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుంది.

ఇప్పుడు రోజూ నన్ను అడుగుతోంది, సుశీల జవాబు రాసిందా అని.

కన్యక


మద్రాసు
నవంబరు 1997

కన్యకా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఎక్కువ రాయలేను. ఈ కింది ముక్క అత్తమ్మకు చదివి వినిపించు.

అత్తమ్మా, దండం. మీరు అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్త. మీ బిడ్డను నేను చూడలె, కాబట్టి గిదే అని ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ మీరు చెప్పిన మూడు గుర్తులు, పొట్ట లోపలికి పోవుడు, రొమ్ము లేసుడు, ఊపిరి గుంజుడు, మా పుస్తకాలల్ల గిదే జబ్బుకు రాసి ఉన్నయి. గప్పుడు గీ మిషను మన దేశంల లేదు. ఉన్నా గూడ, గప్పుడు దక్కించెటోళ్ళు లేరు. కత్తిపీటకు, గ్రహణానికి దీనితోని సంబంధం లేదు. లోపలి గోడల గీ సందు మూడో నెలలోపటనే పడుతది, తల్లికి తాను కడుపుతోని ఉన్నదని సరిగ తెల్వకముందే. నేను గిది మిమ్ముల సముదాయించెతందుకు రాస్తలేను. నేను చదువుకున్నది రాస్తున్న.

ఒకే ఇంట్లో రెండు తరాల్లో రావడం అరుదు, కన్యకా. వారసత్వమా, కాకతాళీయమా అన్నది మాకెవరికీ తెలియదు. మా సార్ చాలా ఆసక్తిగా విన్నారు. అత్తమ్మకు ఇంకేమైనా గుర్తుంటే రాయి.

సుశీల


హైదరాబాదు
డిసెంబరు 1997

అక్కా,

దవాఖాన వెనక సందులో కిరాయికి ఒక గది తీసుకున్నాం. అత్తమ్మ కిరోసిన్ స్టవ్ మీద వంట చేస్తోంది. నీ మరిది శనివారం దుకాణం మూసి వచ్చి సోమవారం పోతున్నాడు. డాక్టర్ విశ్వేశ్వర్ గారిని కలిశాం. మెత్తగా మాట్లాడే మనిషి. బిడ్డ పుట్టగానే కొయ్యం, ముందు ఊపిరి కుదుటపడనిస్తాం, రోజులు పట్టినా సరే, అప్పుడే ఆపరేషన్ అన్నారు. అత్తమ్మ ఆయన్ను ఎన్ని ప్రశ్నలు వేసిందో! కోస్తే దారమా, తీగా? గోడకు బట్ట చాలకపోతే ఎట్ల? పైకి పోయినవి కిందికి తెస్తే జాగ ఉంటదా? ఆయన అన్నింటికీ ఓపికగా చెప్పారు. బయటకు వచ్చాక ఆమె, "మంచిగ అడిగిన్నా?" అంది. నాకంటే బాగా అడిగారన్నాను.

సిద్దిపేటలో ఉండగా నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించిన రోజు సంగతి రాయాలి. మొత్తం విని, తల్లికి తెల్వకముందే అన్న మాట మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. కొంగుతో ముఖం తుడుచుకుని బావి దగ్గరికి పోయి చాలాసేపు కాళ్ళు కడుక్కుంది. సాయంత్రం పెరట్లో పనిచేస్తూ, ఆ బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉండేదని చెప్పింది. అంతకుముందు ఎవరితోనూ చెప్పుకోలేదట.

ఇక నీ సంగతి. ఆమెకు పేజీ రాశావు, నాకు నాలుగు ముక్కలు. నువ్వు ఎప్పుడూ అలా రాయవు. అక్కడ ఎవరి బిడ్డో పోయింది. అవునా? ఆ బిడ్డ అంకె ఎంత? నా బిడ్డ కంటే ఎక్కువా, తక్కువా? నాకు ఇంక నెల కూడా లేదు. తెలిస్తే బెదిరిపోతానని దాచకు. ఊహించుకోవడం కంటే తెలుసుకోవడమే నాకు తేలిక.

కన్యక


మద్రాసు
డిసెంబరు 1997

కన్యకా,

అవును. పోయింది. ఆ బిడ్డ అంకె నీ బిడ్డ కంటే ఎక్కువ.

నేనే కొలిచాను. తల్లికి నేనే చెప్పాను, పరవాలేదమ్మా అని. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది, సార్ నోటి నుంచి కాదు. ఊపిరితిత్తి ఉంది, కానీ దానిలోని రక్తనాళాలు బిగుసుకుపోయాయి, ఎంత గాలి పెట్టినా రక్తానికి అందలేదు. మూడో రోజు పోయింది. ఆ తల్లి నన్ను ఏమీ అనలేదు. మీరు మంచిగానే చెప్పారు కదమ్మా అని మాత్రం అంది.

అంతకు ముందు నెలలో ఒక బిడ్డ ఇంటికి పోయాడు. వాడి అంకె నీ బిడ్డ కంటే తక్కువ. వాళ్ళమ్మకు నేను ఆశ పెట్టుకోవద్దన్నట్టే మాట్లాడాను. పోయేటప్పుడు వాడు నా కళ్ళజోడు పట్టుకుని లాగాడు.

రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఎందుకిట్లా అని సార్‌ను అడిగాను. ఊపిరితిత్తి ఎంత ఉందో మనం కొలుస్తున్నాం, అది ఎట్లా పనిచేస్తుందో కొలవడం ఇంకా మనకు రాదు అన్నారు. ఇంకా రాదు అన్న ఆ మాట పట్టుకుని నేను మళ్ళీ గదిలోకి పోయి కొలవడం మొదలుపెట్టాను. వేరే దారి నాకు తెలియదు.

నువ్వు చదివి బెదిరిపోతావో లేదో నాకు తెలియదు. ఒకటి మాత్రం నిజం. కొలత చూసి నేను భయపడ్డంత నువ్వు భయపడనక్కర్లేదు, నేను ధైర్యపడ్డంత ధైర్యపడనూ వద్దు. నీ బిడ్డ గురించి నన్ను ఊహించమని అడగకు. డాక్టరుగా ఊహించలేను. అక్కగా రోజూ ఊహిస్తున్నాను.

సెలవు దొరకలేదు. దొరికి ఉంటే వచ్చేదాన్ని.

సుశీల


హైదరాబాదు
జనవరి 1998

సుశీలక్కకు,

దవాఖాన నుంచి నీ మరిది చేసిన ఫోన్లలో నీకు చేరింది కొంచెమే. పుట్టింది, ఆడపిల్ల, గొట్టం వేశారు, ఆపరేషన్ అయింది. అంతేకదా. ఆయన అంతకంటే మాట్లాడలేడు. మిగతాది నేను రాస్తాను. ఒళ్ళో కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

నొప్పులు వచ్చినప్పుడు గదిలో నాకోసం ఉన్నవాళ్ళకంటే బిడ్డకోసం ఉన్నవాళ్ళే ఎక్కువ. పుట్టగానే ఏడుపు వినిపించలేదు. ఏడవనివ్వరని నువ్వు ముందే రాశావు కాబట్టి తట్టుకున్నాను. తెలియని తల్లి అయితే ఆ నిశ్శబ్దానికే గుండె ఆగేది. గొట్టం వేసి ఎత్తుకుపోతూ ఒక్క క్షణం నాకు చూపించారు. అత్తమ్మ చెప్పినట్టే పొట్ట లోపలికి పోయి ఉంది. ఆమె తలుపు బయట నిలబడి చూసింది. ఆడపిల్ల అని నర్సు చెబితే, "ఊపిరి తీస్తున్నదా?" అని అడిగింది.

మొదటి రెండు రోజులు బాగా లేవు. రంగు మారింది. రక్తనాళాలు బిగుసుకున్నాయని విశ్వేశ్వర్ గారు చెప్పినప్పుడు నీ చివరి ఉత్తరం గుర్తొచ్చింది. నిజం చెప్తున్నాను, ఆ రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. తెలుసుకోవాలని ఎందుకు అడిగానా అని నన్ను కూడా తిట్టుకున్నాను. అద్దం అవతల నుంచి చూస్తుంటే మిషను గాలి పెట్టినప్పుడల్లా ఛాతీ లేస్తోంది. అందులో మిషనుది ఎంత, పిల్లది ఎంత అని కనిపెట్టాలని చూసేదాన్ని. కనిపెట్టలేకపోయాను. పెదమామ అన్నమాట కూడా గుర్తొచ్చేది, ఇంత బాధ ఎందుకని. పిల్ల దక్కినంత మాత్రాన ఆ ప్రశ్న తప్పని నేను అనను.

తర్వాత మెల్లగా రంగు తిరిగింది. వారం గడిచాక ఆపరేషన్ చేశారు. అయ్యాక విశ్వేశ్వర్ గారు బయటికి వచ్చి, సందు ఎంతుందో బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించారు. జీర్ణాశయం, పేగులు, ప్లీహం కిందికి తెచ్చారట. గోడకు దాని అంచులే సరిపోయాయి. ఎడమ ఊపిరితిత్తి ఎంత ఉందని అడిగాను. పిల్లి నాలుకంత ఉందమ్మా, కానీ గులాబీ రంగులో ఉంది అన్నారు. పెరుగుతుందా అంటే, ఏళ్ళు పట్టినా పెరుగుతుందన్నారు. అక్కా, పుట్టిన తర్వాత కూడా ఊపిరితిత్తి కొత్తగా పెరుగుతుందని నాకు తెలియదు. మా పాఠంలో లేదు. ఎన్నేళ్ళ దాకా పెరుగుతుంది? రాయి.

ఇంకో మాట. కుడి ఊపిరితిత్తి బాగానే పనిచేసిందని, నీ కొలత కంటే మెరుగ్గా ఉందని ఆయన అన్నారు. ఎందుకని అడిగితే చేతులు తిప్పారు. మద్రాసులో పోయిన ఆ బిడ్డకు అట్లా ఎందుకయిందో, నా బిడ్డకు ఇట్లా ఎందుకయిందో ఎవరూ చెప్పడం లేదు. ఆ తల్లి పేరు నువ్వు రాయలేదు. ఆమెను నేను తలుచుకుంటున్నానని ఆమెకు తెలిసే దారి లేదు.

ఇక మొన్నటి సంగతి. పాలు పిండి ఇచ్చే గది, పిల్లలుండే వార్డుకు పక్కనే. రోజూ అక్కడ కూర్చుని గిన్నెలోకి పాలు తీసి నర్సుకు ఇస్తాను, వాళ్ళు ముక్కులోని సన్న గొట్టం ద్వారా ఇస్తారు. మొన్న పొద్దున అక్కడే ఉన్నాను. గోడ అవతల ఒక పిల్ల ఏడుపు మొదలయింది. సన్నగా, గీరుకుపోయినట్టు, ఆగి ఆగి ఏడుస్తోంది. పక్కనున్న అత్తమ్మతో, ఎవరి పిల్లో పాపం, ఎవరూ ఎత్తుకోవడం లేదు, వాళ్ళమ్మ ఎక్కడ పోయిందో అన్నాను. ఆమె కూడా, "గొంతు పాడైంది పాపం, ఎంతసేపటి సంది ఏడుస్తుందో" అంది. ఇద్దరం కాసేపు ఆ తల్లి మీద కోపం తెచ్చుకున్నాం.

నర్సు తలుపు తీసి, గొంతులో గాలి గొట్టం తీసేశాం, మీ పాప మిమ్మల్ని పిలుస్తోంది, వినబడటం లేదా అంది.

నీ చెల్లెలు,
కన్యక